పక్కకు జరిగిన పాదం

("నిచ్చెన" నవల: పద్నాలుగో వారం)

కిందటి వారం, ఓడిన జట్టు బస్సెక్కుతుంటే చూసి మనం వచ్చేశాం. బాస్కెట్‌బాల్ ఫైనల్లో ఐదు ఆటలు, మూడు గెలిచినవాళ్లదే కప్పు. మనవాళ్లు వరసగా రెండు పోగొట్టుకున్నారు. రెండో ఆటలో అవతలి జట్టు పొడుగాటి మనిషి, పేపర్లవాళ్లు "నిచ్చెన" అని పేరు పెట్టినవాడు, ఒక్కడే యాభై నాలుగు పాయింట్లు కొట్టాడు. చివర్లో అతని మీదికి ముగ్గుర్ని పంపారు. ఆ ముగ్గురి మధ్యలోంచి అతను తన ఇంటి వరండాలో తిరుగుతున్నవాడిలా వెళ్లొచ్చాడు. బస్సు మెట్టు మీద మన కెప్టెన్ వెనక్కి తిరిగి, అందరికీ వినబడేలా కార్బన్‌ని ఒక మాట అన్నాడు. "నీ తమ్ముణ్ణి గెలిపించుకున్నావుగా. ఇంక హాయిగా పడుకో."

కార్బన్ లోపలికి వెళ్లిపోయాడు. కిటికీ పక్క సీట్లో కూర్చుని దారంతా అద్దానికి తల ఆన్చుకున్నాడు.

ఈ వారమే కథ మొదలుపెట్టినవాళ్లకి కార్బన్ ఎవరో చెప్పాలి. జట్టులో అతను పన్నెండోవాడు. ఆటల్లో ఆడడు. అతని పని ప్రాక్టీసులో పసుపు చొక్కా వేసుకోవడం. వచ్చే ఆటలో ఎదురయ్యే జట్టులో అందరికంటే ప్రమాదమైనవాడు ఎవడో, ఆ వారమంతా కార్బన్ వాడైపోతాడు. వీడియోలు చూసి వాడి నడక, వాడి చేతి వాటం, బంతి అందుకునే ముందు మోకాలికి అరచెయ్యి తుడుచుకునే అలవాటు, అన్నీ కార్బన్ కాగితంలా దింపేసి వాడిలాగే ఆడతాడు. ఆ పేరు అందుకే. మిగతావాళ్లు అతన్ని ఆపడం నేర్చుకుంటే ఆదివారం అసలువాణ్ణి ఆపగలుగుతారు. ఆరేళ్లలో అలా నలభై మంది అయ్యాడు. క్యాంటీన్ ఆవిడ పళ్లెం అందిస్తూ, "ఇవాళ ఎవరు బాబూ నువ్వు? కుడిచెయ్యా, ఎడమచెయ్యా? చెంచా ఎటు పెట్టను?" అని అడిగేది. అందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. ఒకసారి మాత్రం డాక్టరు ఏదో కాగితం నింపుతూ "మీది ఏ చేతి వాటం?" అని అడిగితే నిజంగానే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.

ఈ పదిహేను రోజులుగా ఆ పసుపు చొక్కాలో అతను అయిన మనిషి సొంత తమ్ముడు, నిచ్చెన.

బుధవారం ఉదయం పది గంటలకి అందర్నీ వీడియో గదిలోకి పిలిచారు. అది హాలు వెనకాల కిటికీ లేని గది. ఆరున్నర అడుగుల మనుషులు మామూలు ప్లాస్టిక్ కుర్చీల్లో ఇరుక్కుని, మోకాళ్లు గడ్డాల దాకా పెట్టుకుని కూర్చున్నారు. నొప్పుల మందు వాసన, తడిసిన తువ్వాళ్ల వాసన కలిసిపోయి ఉంది. గోడకి తెల్లబోర్డు. దాని మీద ఆటగాళ్ల అంకెలున్న గుండ్రటి అయస్కాంతం బిళ్లలు.

కోచ్ యాభై దాటిన మనిషి, కోపం వచ్చినకొద్దీ గొంతు తగ్గిపోయే రకం. ఆ రోజు ఆయన మాట దాదాపు వినబడలేదు.

"వెయ్యమ్మా," అన్నాడు వీడియోలు చూసే అమ్మాయితో.

ఆ అమ్మాయి తెరని నిలువునా రెండు ముక్కలు చేసింది. ఎడమ పక్క ప్రాక్టీసులో పసుపు చొక్కా వేసుకున్న కార్బన్. కుడి పక్క ఆటలో నిచ్చెన. ఇద్దరూ ఒకే చోట బంతి అందుకున్నారు. ఇద్దరూ ఒకేలా కుడిభుజం దించారు. ఇద్దరూ ఎడమవైపు ఒక్కసారి బంతి నేలకి కొట్టారు. ఆ తర్వాత కార్బన్ ఆగాడు. రెప్పపాటు, అంతకన్నా తక్కువే, ఆగి అప్పుడు ఎగిరాడు. కుడి పక్క నిచ్చెన ఆగలేదు. బంతి నేల మీంచి చేతిలోకి వస్తూండగానే గాలిలో ఉన్నాడు. అతను ఆగుతాడని కాచుకున్న మన కెప్టెన్ ఇంకా నేల మీదే, చేతులు చాచుకుని, బస్సు తప్పిపోయినవాడిలా నిలబడ్డాడు.

ఆ అమ్మాయి రెండోది వేసింది. మూడోది వేసింది. అన్నీ అంతే.

"పదకొండు సార్లు," అన్నాడు కెప్టెన్ లేచి నిలబడి. అతనిది కార్బన్ కన్నా చిన్న వయసే, కానీ జట్టులో వయసులెవరూ చూడరు. "పదకొండు సార్లు నేను గాలిని పట్టుకున్నా. ఎందుకూ? నిచ్చెన ఆగుతాడు, ఆగినప్పుడు మీద పడండి అని పది రోజులు నేర్పించావు గనక. ఒకసారైతే పొరపాటు అనుకుంటాం. రెండుసార్లయితే ఖర్మ అనుకుంటాం. పదకొండంటే ఏమనుకోమంటావ్, కార్బన్? నువ్వే చెప్పు."

"కూర్చో," అన్నాడు కోచ్.

"కూర్చుంటా సార్. కానీ వాణ్ణి చెప్పమనండి."

కోచ్ కార్బన్ వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఆ ఆగడం ఏ ఆటలో చూశావు?"

"అన్నిట్లోనూ సార్. ఈ అమ్మాయి ఇచ్చిన క్లిప్పుల్లోనే."

వీడియో అమ్మాయి మొహం ఎర్రబడింది. ఆ పిల్లకి కార్బన్ అంటే అభిమానం. అతను అడిగిన క్లిప్పులు అడిగిన గంటలో కోసి ఇచ్చేది. "అన్నయ్యా," అంది మెల్లిగా, "నేను నీకు ముప్ఫై రెండు ఇచ్చాను. అన్నీ ఈ సీజన్‌వే. రాత్రి మళ్లీ ఒక్కొక్కటీ చూశాను. ఒక్కదాంట్లో కూడా ఆయన ఆగలేదు."

"ఆగాడమ్మా. నేను చూశాను."

"లేదన్నయ్యా."

"నా కళ్లతో చూశాను."

ఆ అమ్మాయి ముప్ఫై రెంటినీ వరసగా వదిలింది. మొదటి ఐదింటి దాకా కార్బన్‌కి ఆగడం కనబడుతూనే ఉంది. బంతి నేలకి తగలగానే అతని తల లోపల ఎవరో "ఆగు" అంటున్నారు, ఆ మాటతో పాటే బొమ్మ ఆగినట్టనిపిస్తోంది. ఆరో దాని దగ్గర ఆ అమ్మాయి వేగం బాగా తగ్గించింది. బంతి నేల మీంచి మెల్లగా, బరువుగా పైకి లేచింది. నిచ్చెన మడమలు దానికన్నా ముందే లేచాయి. ఆగడం లేదు. ఎక్కడా లేదు.

అప్పుడు కార్బన్‌కి అర్థమైంది, ఆ "ఆగు" అన్న గొంతు ఎవరిదో.

వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. దాని వెనక ఆవిరి గొట్టాలు తెరుచుకునే ఒక ఇరుకు పెరడు ఉండేది. పక్కగుడ్డలు ఆరేసే తీగలకి అవతల, గోడకి కార్బనే ఒక ఇనప రింగు కొట్టాడు. తమ్ముడికి పదేళ్లు, తనకి పన్నెండు. తమ్ముడు అప్పటికే ఎడాపెడా పొడుగైపోతూ, కాళ్లెక్కడున్నాయో తనకే తెలియనట్టు ఉండేవాడు. ఎడమవైపు వెళ్లి ఎగరబోయిన ప్రతిసారీ కాళ్లు మెలికపడి పక్కగుడ్డల్లోకి పోయి పడేవాడు. "బంతి ఒకసారి కొట్టు. ఆగు. ఇప్పుడు ఎగురు," అని నేర్పాడు కార్బన్. రోజూ, రెండేళ్ల పాటు, "ఆగు... ఇప్పుడు," "ఆగు... ఇప్పుడు." గొట్టాల్లోంచి ఆవిరి వచ్చినప్పుడు తమ్ముడు కనబడేవాడు కాదు. అయినా బంతి చప్పుడు వినగానే "ఆగు" అనేవాడు. తమ్ముడు ఆగేవాడు.

తను చూసింది ఆ తమ్ముణ్ణి. నలభై మంది పరాయివాళ్లని వెంట్రుకవాసి తేడా లేకుండా దింపినవాడు, సొంతవాడి దగ్గరికి వచ్చేసరికి తెర మీదికి చూడటమే మానేశాడు.

"ఇదేనా జవాబు?" అన్నాడు కోచ్, అతని మొహం చూస్తూ.

"నాదే తప్పు సార్. కావాలని చెయ్యలేదు. కానీ తప్పు నాదే."



"అందరూ బయటికి నడవండి," అన్నాడు కోచ్. "నువ్వు ఇక్కడే ఉండు. శబ్దం తీసేసి చూడు. వాడెవడో నీకు తెలియదనుకుని చూడు. రెండింటికి కోర్టు మీద కనబడు."

*

మూడు గంటల సేపు కార్బన్ ఆ గదిలో ఒక్కడే కూర్చుని తమ్ముణ్ణి మొదటిసారి చూశాడు.

తను నేర్పింది ఏమైనా మిగిలి ఉంటుందని మొదట్లో వెతుక్కున్నాడు. బంతి కింద చూపుడువేలు పెట్టే పద్ధతి తనదే. అదీ మారిపోయింది. ఫౌల్ షాట్ ముందు మెడ విరుచుకోవడం తనది. అదీ లేదు. ఒక ఇంట్లో పెరిగి పెద్దయి, తర్వాత ఆ ఇంటిని కొనేసి, గోడలు కూడా ఉంచకుండా మళ్లీ కట్టుకున్నవాడిలా ఉన్నాడు తమ్ముడు. వెతకడం మానేశాక అసలు ఆట కనబడటం మొదలైంది. అందరూ అది వేగం అనుకుంటారు. వేగం కాదు. బంతి తన దగ్గరికి రాకముందే అతను పని ముగించేసి ఉంటాడు. ఎదుటివాడు ఎటు వాలతాడో వాడికన్నా ముందే తెలిసినట్టు, అటు చూడకుండానే ఇటు వెళ్లిపోతాడు. ఎగిరినప్పుడు చుట్టూ పదిమంది ఉంటారు, అయినా ఆ ఎత్తులో పక్కన ఒక్కడూ ఉండడు. బుట్టలో వేసి దిగాక మొహంలో సంతోషం ఉండదు. కళ్లు కిందికి, ఎదుటివాడి కాళ్ల వైపు పోతాయి. ప్రతిసారీ. అదేం అలవాటో కార్బన్‌కి బోధపడలేదు. అయినా దాన్ని కూడా దింపుకున్నాడు.

రెండింటికి పసుపు చొక్కా వేసుకుని కోర్టు మీదికి వచ్చాడు. కెప్టెన్ ఎదురుగా నిలబడి, "ఈసారి ఎవరిని తెచ్చావ్? మీ పెద్దనాన్ననా?" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు.

కార్బన్ బంతి అందుకున్నాడు. కుడిభుజం దించాడు. బంతి ఎడమవైపు నేలకి కొట్టాడు, ఆగలేదు.

ఆ తర్వాత జరిగింది చూసినవాళ్లు చాలా రోజులు చెప్పుకున్నారు. వరసగా తొమ్మిది సార్లు కెప్టెన్‌ని దాటాడు. ఇద్దర్ని పెట్టారు, ఇద్దర్నీ దాటాడు. అతనికి తన ఒళ్లు తనది కానట్టుంది. ఎవరు ఎటు వాలతారో ముందే తెలిసిపోతోంది. అందరూ తన కన్నా ఒక అర అడుగు వెనకే బతుకుతున్నారు. దిగిన ప్రతిసారీ కళ్లు వాటంతటవే కెప్టెన్ కాళ్ల వైపు పోతున్నాయి. పైన ఉన్నప్పుడు మాత్రం చాలా నిశ్శబ్దంగా ఉంది. ఎవరి మాటా అక్కడికి అందదు. తమ్ముడు రోజూ ఉండే చోటు ఇదన్నమాట అనుకున్నాడు కార్బన్.

కెప్టెన్ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వగరుస్తూ, "ఇంత ఆట పెట్టుకుని ఆరేళ్లు ఎక్కడ దాచావయ్యా?" అన్నాడు. ఆ గొంతులో పొద్దుటి విషం లేదు.

"ఇది నాది కాదు."

"ఎవడిదైతే ఏంటి, కాళ్లు నీవేగా!"

కోచ్ ఈల వెయ్యకుండానే నడిచి వచ్చాడు. "వాడి ఆటని లోపల్నుంచి చూసినవాడు నువ్వొక్కడివే. ఆదివారం మొదటి ఐదుగురిలో ఉంటావు. వాడికి ఎదురు నిలబడేది నువ్వు. ఇద్దరు ముగ్గురు వద్దు. ఒక్కడివే."

ఇరవై ఎనిమిదేళ్ల జీవితంలో కార్బన్ ఎదురుచూసిన మాట అది. తీరా వచ్చేసరికి వంగి బూటు తాడు విప్పి మళ్లీ కట్టుకున్నాడు.

"ఐదింటికల్లా జాబితా పంపాలి," అన్నాడు కోచ్. "ఆలోచించుకుని చెప్పు. వద్దంటే ఏమీ అనుకోను. ఎవరి తమ్ముడు వాళ్లకి ముఖ్యమే."

*

నాలుగున్నరకి, బంతులు పెట్టే గదిలో ఒక్కడే కూర్చుని ఉండగా ఫోను మోగింది. తమ్ముడి నంబరు. ఎత్తితే వాళ్లమ్మ గొంతు.

"నాన్నా, తిన్నావా?"

"తిన్నానమ్మా. అక్కడికెప్పుడెళ్లావ్?"

"పొద్దునే. కారు పంపాడు వీడు. లోపల కూర్చుంటే ఎక్కడో పోగొట్టుకున్న సామాన్లా ఉన్నాన్రా నేను, అంత పెద్ద కారు." ఆమె నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆదివారం ఆటకి వస్తున్నా," అంది.

ఆమె ఎన్నడూ హాలుకి రాలేదు. ఇద్దరు కొడుకులు చెరో జట్టులో ఉంటే నేను ఎటు చూసి చప్పట్లు కొట్టను, అనేది.

"మీ బెంచీ వెనకే సీటంట. నువ్వు ఎలాగూ ఆడవు గదా, కూర్చునే ఉంటావు గదా. నీ పక్కన కూర్చున్నట్టే ఉంటుందని ఒప్పుకున్నా. వాణ్ణి ఇద్దరం కలిసి చూద్దాం. ఇదిగో, వాడు లాక్కుంటున్నాడు."

ఫోను చేతులు మారింది. తలుపు వేసిన చప్పుడైంది.

"అన్నా."

"ఏరా చిన్నోడా. కాళ్లు ఎలా ఉన్నాయి?"

"ఐసు తొట్లో ఉన్నాయి. అందుకే చెవులు మాత్రం నీకిచ్చా." "అమ్మ చెప్పిందిగా. నువ్వు ఒకసారి వెనక్కి తిరిగి చెయ్యి ఊపు, చాలు. కంగారు పడుతుంది."

"నేను బెంచీ మీద ఉండకపోవచ్చురా."

"ఏం? తీసేశారా? అన్నా, నిజం చెప్పు, నా వల్ల తీసేశారా?"

"కాదు. ఆడమంటున్నారు. నీ మీద."

"నీతో పాటు ఇంకెవరు?"

అందులో వెటకారం లేదు. అతని మీదికి ఒక్కణ్ణి పంపడం అనేది ఈ ఏడాది ఎవరూ చెయ్యలేదు, అంతే.

"ఒక్కణ్ణే," అన్నాడు కార్బన్.

అవతల నీళ్లలో ఐసుముక్కలు కదిలిన చప్పుడు.

"ఒప్పుకున్నావా?"

"ఐదింటిలోపు చెప్పాలి."

"ఒప్పుకోకన్నా."

"ఏరా, అన్న చేతిలో ఓడిపోతానని బెంగా?"

తమ్ముడు నవ్వలేదు. "నువ్వు మళ్లీ కాలు జరుపుతావని."

బంతుల గదిలో రబ్బరు వాసన ఒక్కసారిగా ఘాటెక్కినట్టయింది. కార్బన్ లేచి నిలబడ్డాడు.

దాని సంగతి అతను ఈ లోకంలో ఒక్కరికీ చెప్పలేదు. పన్నెండేళ్ల కిందటి మాట. ఆటల బడిలో ఒక్క సీటు మిగిలింది. చివరికి మిగిలినవాళ్లు అన్నదమ్ములిద్దరే. ఇద్దర్నీ ఎదురెదురుగా ఆడించారు, లెక్క సమానమైంది, ఆఖరి బంతి తమ్ముడి చేతిలో ఉంది. తమ్ముడు ఎడమవైపు వచ్చాడు, ఆగాడు, ఎగిరాడు. ఎదురుగా నిలబడాల్సిన కార్బన్ ఎడమపాదం ఒక జానెడు పక్కకు జరిగింది. తమ్ముడు ఆటల బడికి వెళ్లాడు. కార్బన్ ఇంట్లో ఉండిపోయాడు. ఆ రోజు నుంచీ ప్రతి ఓటమిలోనూ, ప్రతి పసుపు చొక్కాలోనూ అతనికి తోడున్నది ఒక్క మాట: నేను ఇచ్చాను. వాడు ఎక్కిన మొదటి మెట్టు నేను.

"చూశావా నువ్వు?" అన్నాడు కార్బన్.

"అందరికన్నా దగ్గరున్నది నేనే గదన్నా." తమ్ముడి గొంతు పొడిగా ఉంది. "ఆ రోజు నుంచి నాకొక రోగం పట్టుకుంది. ఎవడు ఎదురుగా నిలబడినా ముందు వాడి కాళ్లు చూస్తా. నేను దాటానా, వాడు జరిగాడా? మొన్న యాభై నాలుగు కొట్టానని హాలంతా లేచి నిలబడింది. నేను గదికెళ్లి తలుపేసుకుని, వీడియో పెట్టుకుని, మీ కెప్టెన్ కాళ్లు చూసుకుంటూ కూర్చున్నా. ఎవడూ నాకు ఏదీ ఇవ్వలేనంతగా ఆడాలని ఆడానన్నా ఇన్నాళ్లూ. ఆ ఆగడం ఎందుకు మానేశాననుకున్నావు? ఆగినప్పుడల్లా నీ గొంతు వినబడేది. అది వినబడితే, ఎదురుగా ఎవడున్నా నువ్వే ఉన్నట్టుండేది. ఎనిమిది నెలలు పట్టింది దాన్ని చంపడానికి."

చంపడానికి అన్నాడు. కార్బన్ ఆ మాటని రెండోసారి తలుచుకోకుండా ఉండటానికి గోడకి ఉన్న మేకుల్ని లెక్కపెట్టాడు.

"ఇవ్వలేదురా," అన్నాడు చివరికి. "నేనేం ఇవ్వలేదు. నువ్వే దాటావు."

"నిజమా?"

"నిజం."

"అమ్మ మీద ఒట్టెయ్."

కార్బన్ నోరు తెరిచాడు. ఒట్టు రాలేదు. అబద్ధమని రాలేదో, నిజమో కాదో తనకే తెలియక రాలేదో అతనికి అంతుపట్టలేదు. పన్నెండేళ్లలో మొదటిసారి ఆ పాదాన్ని గురించి తనని తాను అడిగాడు. నేను జరిపానా? అదే జరిగిందా?

"చూశావా," అన్నాడు తమ్ముడు. ఆ తర్వాత వేరే మనిషిలా మాట్లాడాడు. "సరే, ఒప్పుకో. నిలబడు నా ముందు. అమ్మ చూస్తుందని చూడకు, నేనని చూడకు. జరగకుండా నిలబడు. నిజంగా నిలబడ్డ నిన్ను ఒక్కసారి దాటితే చాలన్నా నాకు. కప్పు మీరే పట్టుకుపోండి."

"ఒరేయ్..."

"ఇంకోసారి ఇచ్చావంటే మాత్రం, నీతో ఈ జన్మలో మాట్లాడను."

ఫోను ఆగిపోయింది.

*

ఐదుకి పది నిమిషాలుండగా కార్బన్ వీడియో గదిలోకి వెళ్లి, "ఆడతాను సార్," అన్నాడు. కోచ్ తల ఊపి బోర్డు దగ్గరికి నడిచాడు. అతని అంకె ఉన్న బిళ్ల అక్కడ లేదు. ఆరేళ్లలో అవసరం పడలేదు. కోచ్ ఒక ఖాళీ బిళ్ల తీసి, పెన్నుతో అంకె వేసి, నిచ్చెన బిళ్లకి ఎదురుగా పెట్టాడు. రెండు అయస్కాంతాలూ దగ్గరై ఒకదాన్నొకటి నెట్టుకుంటుంటే, వేలితో కాస్త దూరం జరిపాడు.

బయటికి వచ్చేసరికి కోర్టు దాదాపు ఖాళీ. కెప్టెన్ ఒక్కడే మూలన కూర్చుని చీలమండకి చుట్టుకున్న పట్టీ విప్పుకుంటున్నాడు.

"ఒక్క పది నిమిషాలు ఉంటావా?" అన్నాడు కార్బన్.

"దేనికి? ఇందాక చేసిన అవమానం చాల్లేదా?"

"ఈసారి బంతి నీది. నా మీదికి రా. పూర్తి వేగంతో రా. నేను నిలబడతాను."

కెప్టెన్ అతని మొహంలోకి చూసి, విప్పిన పట్టీని మళ్లీ చుట్టుకున్నాడు.

రింగు కింద, గీత మీద కార్బన్ నిలబడ్డాడు. మోకాళ్లు వంచాడు. రెండు పాదాలూ నేలకి అదిమాడు. ఈ పని చేసి ఎన్నాళ్లయిందో లెక్క వేసుకోబోతే ఏళ్లలో తేలింది. పసుపు చొక్కా వేసుకున్నవాడు ఎప్పుడూ దూకేవాడే. ఆపడం మిగతావాళ్ల పని. ఆరేళ్లలో ఒక్క మనిషి కూడా అతని మీదికి బంతితో రాలేదు.

కెప్టెన్ వచ్చాడు. బరువైన మనిషి, అడుగు పడితే చెక్కనేల మోగుతుంది. ఎడమవైపు వాలి ఎగిరాడు. బంతి బుట్టలో పడింది.

కార్బన్ కిందికి చూశాడు. ఎడమపాదం గీతకి జానెడు అవతల ఉంది.

"కాలు జారిందా?" అన్నాడు కెప్టెన్.

"మళ్లీ రా."

ఈసారి పాదం మీద బరువంతా మోపాడు. పళ్లు బిగించాడు. జరగకూడదు అని లోపల గట్టిగా అనుకున్నాడు. కెప్టెన్ అతని మీదుగా గాలిలా పోయాడు. పాదం జానెడు అవతల ఉంది.

మూడోసారి కెప్టెన్ ఎగరలేదు. సగం దూరం వచ్చి బంతిని చంకలో పెట్టుకుని నిలబడిపోయాడు. ఇంకా అతను ఎగరనే లేదు, కార్బన్ పాదం అప్పటికే పక్కకు పోయి ఉంది. కెప్టెన్ దాన్ని చూశాడు. అతని మొహంలో నవ్వు వచ్చి, అక్కడ నిలవలేక పోయింది.

"అన్నా," అన్నాడు. ఆరేళ్లలో ఆ పిలుపు అదే మొదలు. "నువ్వు జరుగుతున్నావని నీకు తెలుస్తోందా?"

"తెలియట్లేదు."

"భయమా?"

"నీకు నేనెందుకు భయపడతాను?"

"మరి ఎందుకు జరుగుతోంది?"

కార్బన్ పాదం వైపే చూశాడు. అతనికి ఎదురుగా ఇప్పుడు తమ్ముడు లేడు. ఇచ్చేయడానికి సీటు లేదు, ప్రేమ లేదు, త్యాగం లేదు. ఉన్నది ఒక చెక్కనేల, ఒక బరువైన పరాయి మనిషి. అయినా పాదం జరుగుతోంది. అంటే ఆ రోజు కూడా... అతను అక్కడితో ఆలోచన ఆపేశాడు. పన్నెండేళ్లు దేన్ని పట్టుకుని బతికాడో అది చేతిలోంచి జారిపోతుంటే, పట్టుకోవాలని కూడా అనిపించలేదు. నేను ఇచ్చానని వాడు ఒంటరివాడయ్యాడు. నేను ఇచ్చానని నేను పసుపు చొక్కా వేసుకున్నాను. ఇద్దరి మధ్యా ఉన్నది ఉత్తి బలహీనమైన కాలైతే, ఈ పన్నెండేళ్లూ ఎవరివి?

ఆదివారానికి నాలుగు రోజులుంది. బెంచీ వెనక సీట్లో అమ్మ ఉంటుంది. ఎదురుగా, ఎగిరి దిగిన ప్రతిసారీ కాళ్లు చూసేవాడు ఉంటాడు. ఈ పాదం జరిగితే వాడికి ఒక్కటే అర్థమవుతుంది: అన్న మళ్లీ ఇచ్చేశాడని.

"పోనీ, రేపు చూద్దాంలే అన్నా," అన్నాడు కెప్టెన్ మెత్తగా. "సార్‌కి నేనేం చెప్పను."

"రేపు వద్దు. మళ్లీ రా."

"అన్నా..."

"నీకు దండం పెడతాను. రా."

కెప్టెన్ వెనక్కి, మధ్యగీత దాకా నడిచాడు. కార్బన్ మోకాళ్లు వంచాడు. ఈసారి ఎదుటి మనిషిని చూడలేదు. తల దించి, తనది కాని దాన్ని చూస్తున్నట్టు, తన ఎడమపాదాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఖాళీ హాల్లో బంతి చప్పుడు మొదలై, దగ్గరవుతోంది.